గోడవైపు పదకొండు మంది

జూలై 2, మంగళవారం

కోపం వచ్చినప్పుడు ఎవరి మీదా అరవకుండా కాగితం మీద పెట్టమని అక్క సలహా. నేను పనిచేసే ప్రెస్సులో మిగిలిన కాగితాలు కుట్టుకుని ఈ పుస్తకం చేసుకున్నాను. అక్క సలహాల్లో ఇదొక్కటే పాటిస్తున్నాను, అదీ సగం. అరిచాకే రాస్తున్నాను.

అక్క కూతురు బొంగురు బడి నుంచి చీటీ తెచ్చింది. వచ్చే నెల నుంచి గురువారం పాటల పీరియడు ఉండదట. ఆ నలభై నిమిషాలూ పరీక్షల తర్ఫీదుకి వాడతారట. "తల్లిదండ్రులు గమనించగలరు" అని కింద హెడ్‌మాస్టరమ్మ సంతకం. గమనించాం. గమనించి నోరు మూసుకోవాలా?

అక్క చదివి, చీటీ మడిచి పప్పుల డబ్బా కింద పెట్టింది. "పోనీలేవే. లెక్కల్లో వెనకబడింది కదా, ఒక పీరియడు ఎక్కువైతే మంచిదేగా" అంది. నా నోటికి తాళం లేదు. అన్నాను. నువ్వూ నీ లెక్కలూ అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. బావ వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"మరదలా, బడివాళ్ళ మీద కోపం మా ఆవిడకి అందజేస్తే ఎలా? సరైన చిరునామాకి పంపు."

"పంపుతా. రేపే పంపుతా."

"టపా ఖర్చులు మాత్రం నన్నడక్కు" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

ఇంతకీ బొంగురు ఏమీ అనలేదు. మూడో ఏట వచ్చిన జబ్బుకి దాని గొంతు పోయి, వచ్చినప్పుడు ఇలా వచ్చింది. ఇప్పుడు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. క్లాసులో పాఠం చదవమంటే పిల్లలు నవ్వుతారని చదవదు. కాని పొద్దున కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటూ 'ఊ' అని ఒకే స్వరం పట్టుకుంటుంది, ఇల్లంతా గుయ్యిమంటుంది. "మోటారు వేశారు, బకెట్లు పెట్టండి" అంటాడు బావ. రోజూ ఇదే జోకు. గురువారం నాడు మాత్రం మోటారు రెండింతలు.

అది పీకేస్తారట.

జూలై 3, బుధవారం

ప్రెస్సులో గంట అనుమతి అడిగి బడికి వెళ్ళాను. హెడ్‌మాస్టరమ్మ బల్ల మీద తాళాల గుత్తి, చల్లారిన టీ, కాగితాల గుట్ట. గుట్ట మీద ఎగిరిపోకుండా మేకులు కొట్టే సుత్తి.

"పాపకి మీరేమవుతారు?"

"పిన్నిని."

"అమ్మానాన్నలు రాలేదేం?"

"వాళ్ళకి కోపం రాలేదండీ. నాకొచ్చింది."

ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. నిద్రలేని మొహం. "చూడమ్మా, ఇది నేను పుట్టించింది కాదు. పైనుంచి వచ్చింది. పద్దెనిమిదో తారీకు కమిటీ కూర్చుంటుంది, తనిఖీ అధికారి కూడా వస్తారు. ఆ రోజు తేలుతుంది. పాట వల్ల పిల్లలకి ఏమొస్తుందో ఒక్కటి చెప్పు, రాసుకుని వాళ్ళ ముందు పెడతాను. పాట వస్తుంది అని మాత్రం చెప్పకు."

ప్రెస్సులో మడతలు పెడుతూ నేను చదివిన కరపత్రాలన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. జ్ఞాపకశక్తి అన్నాను, క్రమశిక్షణ అన్నాను, బిడ్డల గొంతు మీద ఎవడికి హక్కుంది అన్నాను. బల్ల గుద్దాను. సుత్తి ఎగిరిపడింది. ఆవిడ కలం మూత పెట్టేసింది.

జూలై 4, గురువారం

మధ్యాహ్నం తిండి మానేసి నాలుగో తరగతి కిటికీ దగ్గర నిలబడ్డాను. పాటల మాస్టారు నాలుగు బళ్ళకి ఒక్కరే. ఈ బడి వంతు గురువారం. సైకిలుకి తగిలించిన సంచిలో దగ్గుబిళ్ళలు, తువ్వాలు, కొడితే ఒకే స్వరం మోగే శ్రుతిదండం. ఆ ఇనుప దండం సైన్సు గదిదట, వారానికని తీసుకుని ఏళ్ళయిందట. గదిలో హార్మోనియం ఉంది కాని ఎలుకలు దాని తిత్తి కొట్టేసి రెండేళ్ళు. మాస్టారు దాని మీద సుద్దముక్కల డబ్బా పెట్టుకుంటారు.

దండాన్ని మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. ముందు గోడవైపు కూర్చున్న పదకొండు మందికి ఆ స్వరం అందించారు. వాళ్ళు 'ఊ' అని పట్టుకున్నారు. అప్పుడు కిటికీవైపు పద్దెనిమిది మంది పడవ పాట ఎత్తుకున్నారు. ఎంత బాగా పాడారో. గోడవైపు వాళ్ళకి పాట లేదు, మొదటి నుంచి చివరి దాకా ఆ ఒక్క 'ఊ'యే. బొంగురు అక్కడే, మధ్యలో. పాడటం రానివాళ్ళని ఉత్తినే కూర్చోబెట్టకుండా ఏదో ఒక పని అప్పజెప్పారన్నమాట. మాస్టారిది మంచి మనసు.

గంట కొట్టాక ఆయన సైకిలు చక్రం నొక్కి గాలి చూసుకుంటుంటే వెళ్ళాను.

"మాస్టారూ, మీ కోసం పోరాడతాను."

"నా కోసం వద్దమ్మా, ఓపిక లేదు. పీరియడు కోసం చెయ్యి, చేస్తే."

"ఏం కావాలో చెప్పండి, చాలు."

"ఏమొద్దు. గోడవైపు వాళ్ళని మాత్రం కదపకు."

ఎందుకని అడగలేదు. అప్పటికే బుర్రలో కరపత్రం మొదటి వాక్యం తిరుగుతోంది.

జూలై 6, శనివారం

రాశాను. "మేలుకో తల్లీ! మేలుకో తండ్రీ! నీ బిడ్డ గొంతు నొక్కుతున్నారు!" అక్కడి నుంచి ఊపు ఆగలేదు. నలభై పంక్తులు.

ప్రెస్సులో యంత్రం నడిపే మెషిన్ బాబాయి చదివి, "ఆశ్చర్యార్థకాలు తగ్గించవే, నా దగ్గర అంత సిరా లేదు" అన్నాడు. కాని ప్రెస్సాయన భోజనానికి వెళ్ళిన సందులో మూడు వందలు కొట్టిచ్చాడు. కొత్త కాగితం ఇవ్వడానికి బాబాయికి ధైర్యం లేదు. పరుపుల దుకాణం వాళ్ళవి ఎక్కువ పడ్డ కాగితాలుంటే వాటి వెనకవైపు కొట్టాడు.

జూలై 7, ఆదివారం

వీధి వీధీ తిరిగాను. తలుపు తీసిన ప్రతివాళ్ళూ ముందు పరుపుల వైపే చదివారు. ఒకావిడ, "డబుల్ కాట్‌కి కూడా తగ్గింపు ఉందా అమ్మా?" అంది. ఒకాయన రెండు తీసుకున్నాడు, చెల్లెలికి పరుపు కావాలట. కుట్టుమిషను ఆవిడ ఒక్కతే నా వైపు చదివి, "మావాడు ఇంట్లో పాడుతుంటే పని తెలీకుండా అయిపోతుంది" అని సంతకం పెట్టింది.

సంతకం పెట్టనివాళ్ళలో ముగ్గురితో గొడవపడ్డాను. ఇద్దరితో మాత్రమే అని అక్కకి చెప్పాను.

జూలై 9, మంగళవారం

ముప్ఫై ఎనిమిది సంతకాలు. కాళ్ళు నావి కావు.

జూలై 11, గురువారం

మాస్టారు కరపత్రం నిలబడే చదివారు. పరుపుల వైపు కూడా చదివారు.

"జ్ఞాపకశక్తి పెరుగుతుందని రాశావు. ముప్ఫై ఏళ్ళుగా పాడిస్తున్నాను, పొద్దున కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తులేదు."

"మరేం రాయమంటారు? ఏదో ఒకటి రాయాలిగా!"

అరిచానేమో. ఆయన దగ్గుబిళ్ళ ఒకటి నోట్లో వేసుకుని నాకొకటి ఇచ్చారు.

"మిగతా పీరియడ్లన్నిట్లో పిల్లలు పైవాళ్ళని వింటారు. నన్నో, ఇంకొకరినో. వీళ్ళిరవై తొమ్మిది మందీ ఒకరినొకరు వినేది వారం మొత్తంలో ఈ నలభై నిమిషాలే. అంతేనమ్మా. అంతకంటే నాకేమీ తెలీదు."

"దీనికి సంతకాలు ఎవరు పెడతారు మాస్టారూ?"

"పెట్టరు" అన్నారు. సైకిలెక్కి వెళ్ళిపోయారు.

ఇలాంటి మనుషుల వల్లే ఏదీ సాగదు. మనసు వెన్న, నడుం కూడా వెన్నే.

జూలై 14, ఆదివారం

కమిటీ పెద్ద కలప అడితి ఆయన. అడితికే వెళ్ళాను. రంపం ఆపమని చెయ్యి ఊపి, "ఊఁ, చెప్పు" అన్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టగానే మళ్ళీ రంపం వేయించాడు. చెవిటివాడి ముందు శంఖం అంటారే, అక్కడ శంఖం కూడా నాది కాదు, రంపానిది.

ఆఖరికి తనే ఆపించాడు.

"మా రోజుల్లో పాటా లేదు, గీటా లేదు. నేను అడితి పెట్టలేదా?"

"పెట్టారు. ఒకళ్ళు చెప్పేది వినడం మాత్రం నేర్చుకోలేదు."

మెషిన్ బాబాయి ఉంటే నా నోరు మూసేవాడు. అడితి ఆయనకి కోపం రాలేదు, అదే ఇంకా మండింది. నవ్వాడు. "సరేనమ్మాయ్. పద్దెనిమిదిన పాడించు. బాగుంటే ఉంచుదాం, నాదేం పోయింది? పిల్లిపిల్లలు కాట్లాడుకున్నట్టుంటే మాత్రం తీసెయ్యడానికి మొదటి చెయ్యి నాదే."

అంటే సంతకాలు కాదు, కరపత్రం కాదు. పాట ఒక్కటే. అది బాగుంటే పీరియడు ఉంటుంది. లేకపోతే లేదు.

దారి పొడుగునా పడవ పాట చెవిలో పాడించుకున్నాను. కిటికీవైపు నుంచి గంట కొట్టినట్టుంటుంది. గోడవైపు నుంచి గొగ్గిరి గొగ్గిరిగా. ఆ ఒక్క బొంగురు గొంతు చాలు, పిల్లిపిల్లలు అనడానికి.

జూలై 17, బుధవారం

రేపే. మాస్టారు ఈ రోజు వేరే బడిలో ఉంటారు. పిల్లల్ని వరసలో నిలబెట్టి చూడమని హెడ్‌మాస్టరమ్మ నాకు చెప్పింది. విరామంలో వెళ్ళి నిలబెట్టాను. కొన్ని సూచనలు ఇచ్చాను. పిల్లలు బుద్ధిగా విన్నారు.

బొంగురు తన గౌను తనే ఉతుక్కుంది. గట్టిగా పిండమంటే బావని పిలిచి చెరో కొసా పట్టుకున్నారు.

గెలుస్తాం.

జూలై 18, గురువారం

రాయను.

జూలై 19, శుక్రవారం

హాలు పెద్దది. పిల్లలకి అలవాటు లేదు. ఫ్యాను చప్పుడు. తనిఖీ అధికారి రెండుసార్లు దగ్గాడు, అడితి ఆయన ఫోను ఒకసారి మోగింది. పిల్లలు బెదిరారు. బెదిరితే ఎవరి గొంతు నిలుస్తుంది? ఎంత గొప్ప గాయకుడిదైనా నిలవదు. పద్దెనిమిది మందీ మొదటి చరణం బాగానే పాడారు. రెండో చరణంలో ఎడమ పక్కవాళ్ళు పైకి పోయారు, కుడి పక్కవాళ్ళు కింద ఉండిపోయారు, మధ్యవాళ్ళు ఎటు పోవాలో తెలియక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మూడో చరణం లేదు. ఒక పిల్ల ఏడ్చింది.

అడితి ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే నేను బతికిపోదును.

హార్మోనియం బాగుంటే ఇలా జరిగేది కాదు. రెండేళ్ళుగా దాన్ని బాగు చేయించని వాళ్ళది తప్పు. రాసి పెడుతున్నాను, వాళ్ళది తప్పు.

జూలై 20, శనివారం

తప్పు హార్మోనియానిది. మెషిన్ బాబాయి కూడా అదే అన్నాడు. నేను చెప్పినంత వరకూ విని అన్నాడు.

పొద్దున కుళాయి దగ్గర మోటారు లేదు.

జూలై 21, ఆదివారం

మోటారు లేదు. బావ బకెట్లు తెచ్చి, మళ్ళీ లోపలికి తీసుకెళ్ళాడు.

జూలై 22, సోమవారం

చీటీ వచ్చింది. ఆగస్టు ఒకటి నుంచి పాటల పీరియడు రద్దు. కమిటీ ఏకగ్రీవం. ఈ గురువారం ఆఖరిది.

అక్క ఈసారి డబ్బా కింద పెట్టలేదు. నాకు ఇచ్చింది. "తినేసి పడుకోవే, మొహం చూడు ఎలా ఉందో" అంది. నాలుగు మాటలు అంటుందేమోనని చూశాను. అంటే బాగుండేది.

మోటారు లేదు.

జూలై 23, మంగళవారం

ప్రెస్సులో మడత పెడుతున్న కాగితాలు తలకిందులుగా పోతున్నాయి. రెండు వందలు మళ్ళీ విప్పి మడిచాను. ఇక రాయాలి. రాయకపోతే రేపూ ఇంతే.

పదిహేడో తారీకు నేనిచ్చిన "సూచనలు" ఇవి. గోడవైపు పదకొండు మందినీ వెనక వరసలోకి నెట్టాను. "రేపు మీరు పాట మాటలు పెదాల మీద ఆడించండి చాలు. గొంతు వద్దు. చూసేవాళ్ళకి అందరూ పాడుతున్నట్టే ఉంటుంది" అన్నాను. ఒకడు, "మరి మా 'ఊ' ఎవరు పడతారు టీచర్?" అన్నాడు. నన్ను టీచర్ అన్నాడు. "రేపు ఒక్కరోజుకి అవసరం లేదు" అన్నాను. బొంగురు నా వైపు చూసింది. పిన్నిని కాబట్టి ఏమీ అనలేదు.

కొట్టలేదు, తిట్టలేదు. నవ్వుతూనే చెప్పాను. అదీ నా గొప్ప.

కోపిష్టిదాన్నని అందరికీ తెలుసు. ఇది మాత్రం కోపంతో చేసింది కాదు. నిదానంగా, ఆలోచించి చేసింది.

జూలై 24, బుధవారం

నిన్న అంతా రాశానని పుస్తకం మూసేశాను. అంతా రాయలేదు.

హాల్లో మాస్టారు దండం మోకాలికి కొట్టి, వెనక వరసకి స్వరం అందించారు. అటునుంచి ఏమీ రాలేదు. ఆయన మళ్ళీ అందించారు. పదకొండు నోళ్ళు కదులుతున్నాయి, చప్పుడు లేదు. అయితే ఈలోపు పద్దెనిమిది మంది ఎత్తుకున్నారు. మొదటి చరణం అయ్యేసరికి మాస్టారికి అర్థమైంది. కుడిచేతిని కింద నుంచి పైకి లేపుతూ వెనక వరసని అడుగుతున్నారు, ఇవ్వండి, ఇవ్వండి అని. అప్పటికింకా పాట చెడలేదు. అప్పుడు ఇచ్చి ఉంటే నిలబడేదేమో.

ఆ పదకొండు మందీ మాస్టారిని చూడలేదు. తలుపు దగ్గరున్న నన్ను చూశారు.

నేను వేలు పెదాల మీద పెట్టాను.

"నీ బిడ్డ గొంతు నొక్కుతున్నారు" అని మూడు వందల కాగితాలు పంచిన వేలు అది.

జూలై 25, గురువారం

ఆఖరి పీరియడు. కిటికీ దగ్గరికి వెళ్ళలేదు, సైకిలు దగ్గర నిలబడ్డాను. మాస్టారు సంచితో వచ్చారు. దండం చేతిలో ఉంది.

"దీన్ని సైన్సు గదికి ఇచ్చెయ్యాలి. రుణం తీర్చుకోవడానికి మంచి రోజు."

"మాస్టారూ, ఆ రోజు వాళ్ళని నోరు మూసుకోమంది నేను."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఎంత అడిగినా పిల్లలు చెప్పలేదు. మీ పాప అసలే చెప్పలేదు. వాళ్ళ కళ్ళు ఎటు పోయాయో చూశాను."

తిడతారని నిలబడ్డాను. ఈ ఒక్కసారి ఎవరైనా నన్ను బాగా తిట్టాలి. ఆయన సైకిలు మీద చెయ్యి వేసుకుని అలా నిలబడ్డారు, ఎండలో.

"హార్మోనియం పోయాక ఏం చెయ్యాలో తోచలేదమ్మా. పాట గాల్లో తేలిపోయేది. కింద నేల లేదు. అప్పుడు ఈ పదకొండు మందిని చూశాను. స్వరాలు మార్చలేరు, కాని ఒకటి పట్టుకుంటే చచ్చినా వదలరు. కిటికీవైపు వాళ్ళకి ఆ ఓపిక లేదు. వీళ్ళు ఉంటే వాళ్ళు పాడగలరు. మీ పాప ఊపిరి ఎంతో తెలుసా? పద్నాలుగు అంకెలు. బడి మొత్తంలో దానిదే పొడుగు."

"నాకు ముందే చెప్పొచ్చు కదా!" అన్నాను. సిగ్గులేని దాన్ని, మళ్ళీ గొంతు లేచింది.

"చెప్పాను. కదపకు అన్నాను. నువ్వు ఎందుకని అడుగుతావనుకున్నాను. అడిగేవాళ్ళకే నేను చెప్పగలను. అది నా తప్పు."

ఆయన తప్పంటే ఏడుపొచ్చింది. ఏడవలేదు. బడి గేటు దగ్గర పిల్లలు చూస్తున్నారు.

"ఇంకేమైనా చెయ్యొచ్చా?"

"నాకు వచ్చే వారం నుంచి గురువారాలు ఆఫీసులో పుస్తకాలకి నంబర్లు వేసే పని ఇచ్చారు. నాలుగున్నరకి వదులుతారు. ఆ తర్వాత నన్నెవరూ అడగరు" అన్నారు. సైకిలు స్టాండు తీస్తూ, "ముందు మీ పాప దగ్గరికి వెళ్ళు" అన్నారు.

జూలై 28, ఆదివారం

మూడు రోజులు వాయిదా వేశాను. కమిటీ పెద్దని ఎదురుగా నిలబడి కడిగేసినదాన్ని, తొమ్మిదేళ్ళ పిల్ల పక్కన కూర్చోలేకపోయాను.

ఈ మధ్యాహ్నం అది మెట్ల మీద కూర్చుని పెన్సిలు చెక్కుకుంటోంది. పక్కన కూర్చున్నాను.

"నాదే తప్పే. నీ గొంతు ఆపకుండా ఉండాల్సింది."

"నా గొంతు బాగోదనేగా ఆపావ్?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగాను.

"అవును. బాగోదనుకునే ఆపాను."

అది పెన్సిలు మొన వేలికి గుచ్చి చూసుకుంది. "మాస్టారు నాది బాగుందనలేదు. ఎప్పుడూ అనలేదు. కావాలన్నారు."

తర్వాత లేచి వెళ్ళిపోయింది. క్షమించినట్టా, కాదా, నాకు తెలీదు. ఇలాంటివి ఏ కరపత్రంలోనూ చదవలేదు.

జూలై 29, సోమవారం

కొత్త కాగితం మీద, ఒకవైపే, రాశాను. ఆశ్చర్యార్థకాలు లేవు. "పద్దెనిమిదో తేదీన పాట చెడింది పిల్లల వల్ల కాదు, మాస్టారి వల్ల కాదు. పాటకి ఆధారంగా నిలిచే పదకొండు మంది పిల్లల నోరు నేను మూయించాను. వాళ్ళు గొంతు కలిపితే ఆ పాట ఎలా ఉంటుందో కమిటీ ఇంతవరకూ వినలేదు. ఇంకొకసారి వినమని కోరుతున్నాను." కింద సంతకం. నాదొక్కటే.

హెడ్‌మాస్టరమ్మ రెండుసార్లు చదివింది. "ఇది చదివితే కమిటీలో నీ గురించి ఏమనుకుంటారో తెలుసా?"

"తెలుసండీ."

"వచ్చే సమావేశం సెప్టెంబరులో. పెడతాను. ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేను." కాగితాన్ని గుట్టలో పెట్టి పైన సుత్తి పెట్టింది. నేను లేస్తుంటే, "పాట వల్ల ఏమొస్తుందని ఆ రోజు అడిగాను. ఏదైనా తేలిందా?" అంది.

"తేలింది కాని, ఒక్క మాటలో రాదండీ. వచ్చి వినాలి."

"నాకంత తీరికెక్కడిది?" అంది. మొహంలో ఎగతాళి లేదు. తీరిక నిజంగానే లేదు.

ఆగస్టు 1, గురువారం

ప్రెస్సు వెనక కాగితాల గోడౌను. గురువారం సాయంత్రాలు పాటకి ప్రెస్సాయన ఒక షరతు మీద ఇచ్చాడు: ఇక తన యంత్రం మీద నా రాతలు ఎక్కకూడదు. పరుపుల దుకాణం వాళ్ళు ఫిర్యాదు చేశారట, లేని తగ్గింపులు అడుగుతూ జనం వస్తున్నారని.

ఇరవై తొమ్మిది మందికీ కబురు పెట్టాను. ఏడుగురు వచ్చారు. కిటికీవైపు వాళ్ళు ఐదుగురు, గోడవైపు నుంచి ఒకడు, ఇంకా బొంగురు. బొంగురు నాతో రాలేదు. వాళ్ళమ్మతో వచ్చింది. అక్క తలుపు దగ్గర కాగితం కట్ట మీద కూర్చుంది, లెక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అయ్యాక చేయిస్తుందట.

మాస్టారు ఐదు గంటలకి వచ్చారు. చొక్కా నిండా పుస్తకాల దుమ్ము. దండం లేదు, నిజంగానే ఇచ్చేశారు. స్వరం ఎలా అని అడిగాను. బొంగురు వైపు చూపించారు.

"దానికి గుర్తుంది. రోజూ పొద్దున అదే స్వరం పట్టేదట కదా."

అందరూ దాని వైపు తిరిగారు. పద్నాలుగు రోజులుగా మూసుకున్న గొంతు. అది కిందికి చూసి 'ఊ' అంది. గరగరగా. రెండోవాడు అందుకున్నాడు. కిటికీవైపు ఐదుగురు పడవ పాట ఎత్తుకున్నారు. కాసేపటికి కింద స్వరం పుటుక్కున తెగింది, ఇద్దరికీ ఒక్కసారే ఊపిరి అయిపోయింది. పాట వెంటనే వంకర పోయింది. ఆ రోజు హాల్లో విన్నది ఇదే.

"ఇద్దరు చాలరు. ఇంకొకరు కావాలి" అన్నారు మాస్టారు. అక్కని చూశారు, అక్క లెక్కల పుస్తకం తెరిచింది. నన్ను చూశారు.

"నాకు పాడటం రాదు మాస్టారూ."

"రానివాళ్ళే కావాలి."

వెళ్ళి బొంగురు పక్కన నిలబడ్డాను. నా నోట్లోంచి వచ్చినదానికి కిటికీవైపు పిల్ల ఒకతె పక్కున నవ్వింది. ఎంతమందిని ఎన్ని మాటలన్నానో, ఎన్ని వీధుల్లో అరిచానో, నా ఊపిరి ఆరు అంకెలకే అయిపోయింది. బొంగురు మోచేత్తో పొడిచింది. ఆ మెట్ల మీద మాటల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట:

"అలా కాదు పిన్నీ. అందరం ఒకేసారి పీల్చకూడదు. నేను పీల్చేటప్పుడు నువ్వు ఆపకూడదు. నువ్వు పీల్చేటప్పుడు నేనుంటాగా."

ఎనిమిదిసార్లు చేయించింది. ఆఖరిసారి రెండో చరణం దాటాం. మూడోది రాలేదు.

సెప్టెంబరులో పిలుస్తారో లేదో. పిలిస్తే ఎంతమంది వస్తారో. అలసిపోయాను. గొంతు కాలుతోంది. మాస్టారిచ్చిన దగ్గుబిళ్ళ బుగ్గలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఆగస్టు 2, శుక్రవారం

పొద్దున కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్నాను. బొంగురు వచ్చి పక్కన నిలబడింది. బ్రష్షు నోట్లో పెట్టుకుంది. కాసేపు తోముకుంది. తర్వాత 'ఊ'.

నేను కదల్లేదు. పద్నాలుగు అంకెలూ లెక్కపెట్టాను. ఊపిరి కోసం ఆగి, నా వైపు చూసింది.

నా నోటి నిండా నురగ. ఉమ్మేసేసరికి ఆలస్యమైంది, అయినా అందుకున్నాను.

లోపల్నుంచి బావ అరిచాడు: "ఏమిటే, మోటారు ఆగి ఆగి వస్తోంది?"

"రెండోది కొత్తది, ఇంకా గాలి పట్టి ఉంది" అంది అక్క. "బకెట్లు పెట్టు."